నిచ్చెన వెయ్యని గడి

జగ్గయ్యపేట,
నవంబరు 2002.

చి. మహతికి ప్రసూనత్తయ్య దీవించి రాసేది,

దీనితోపాటు చుట్టి పంపిన డ్రాయింగు షీటు నలగకుండా చేరిందనుకుంటాను. విప్పి చూసి, వైకుంఠపాళీ ఆడటానికి నేనేమన్నా చిన్నపిల్లనా, ఎనిమిదో తరగతి దాన్ని, అని మూతి ముడుచుకోకు. జిల్లా సైన్సు ఫెయిర్ కోసం మా బళ్ళో పిల్లల చేత నేను వేయించిన ఆట ఇది. పేరు 'రేపటి వైద్యం'. పాములన్నీ జబ్బులు. నిచ్చెనలన్నీ ఇంకా మన దాకా రాని యంత్రాలూ, మందులూ. నూరో గడిలో వైకుంఠం బదులు ఒక ఆసుపత్రి గీశాం. మంచాలన్నీ ఖాళీ. నర్సు కుర్చీలో కూచుని స్వెట్టరు అల్లుకుంటోంది.

ఒక నియమం ఉంది. నిచ్చెన దగ్గరికి రాగానే ఎక్కెయ్యడానికి వీల్లేదు. ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో సొంత మాటల్లో చెప్పాలి. చెప్పగలిగితేనే ఎక్కడం. నీ పందెం నువ్వు వేసి రాయి, నా పందెం నేను వేసి రాస్తాను. ఫోనులో చెప్పుకుంటే నిమిషంలో అయిపోతుంది, రుచి ఉండదు. అందుకని ఉత్తరాలే.

డయాలసిస్‌కి బెజవాడ వెళ్ళిన రోజుల్లో మంచం మీద నీకు ఏమీ తోచడం లేదని అన్నయ్య చెప్పాడు. అక్కడ ఆడుకో. సెప్టెంబరులో అందరం పరీక్షకి రక్తాలిచ్చి వచ్చాం కదా, ఆ రిపోర్టుల సంగతి మాత్రం బుర్రలో పెట్టుకోకు. అవి పెద్దవాళ్ళం చూసుకుంటాం.

నా మొదటి పందెం రెండు. నవ్వకు.

మీ అత్తయ్య


నందిగామ,
నవంబరు 2002.

అత్తయ్యకి మహతి నమస్కారం,

ఆట చేరింది. మూతి ముడిచింది నిజమే, నీకెలా తెలిసిందో. ఉత్తరానికి ఒక్క పందెం అంటే మనం ముసలాళ్ళం అయిపోతాం. పదేసి వేద్దాం. నేను పదీ వేసా. ఒక పాము మింగింది, అది మలేరియా. ఇప్పుడు 'నడుముకి కట్టుకునే కిడ్నీ' నిచ్చెన దగ్గర ఉన్నా. చెప్తున్నా, విను.

ఇప్పుడు నాకు పెట్టే మెషీను మన బీరువాలో సగం ఉంటుంది. నా రక్తం ట్యూబులోంచి అందులోకి వెళ్ళి, వెంట్రుకల్లాంటి గొట్టాల్లో దూరుతుంది. చెత్తంతా బయట ఉన్న నీళ్ళలోకి జారిపోతుంది, మంచి రక్తం వెనక్కి వస్తుంది. అమ్మ కాఫీ ఫిల్టరు లాగే, కాకపోతే మనకి కావాల్సింది పైన మిగిలేది. దాన్నే చిన్నది చేసి బెల్టులా కట్టుకుంటారు. అది కట్టుకుని బడికి వెళ్ళొచ్చు. ఎక్కనా?

రిపోర్టుల సంగతి నాకు తెలుసు అత్తయ్యా. నా రెండు కిడ్నీలూ పోయాయి, ఎవరిదో ఒకటి పెడితేగానీ కుదరదు. అమ్మది గ్రూపు వేరు. నాన్నకి షుగరు. కుదిరింది నీది ఒక్కటే. నాన్న వంటింట్లో అమ్మతో అంటుంటే విన్నా. ఎప్పుడొస్తావని నేను అడగను, అడగొద్దని నాన్న చెప్పారు. నాకు తెలుసని నీకు తెలియాలి, అంతే.

మహతి


జగ్గయ్యపేట,
డిసెంబరు 2002.

మహతీ,

ఎక్కెయ్. కాఫీ ఫిల్టరు పోలిక మా పదో తరగతి వాళ్ళకి కూడా చెప్పాను, నీ పేరు చెప్పే చెప్పాను. ఒకటే దిద్దుబాటు. కిడ్నీ పని చెత్త తీసెయ్యడమొక్కటే కాదు. రక్తం తయారుచెయ్యమని ఎముకలకి కబురు పంపేది కూడా అదే. ఆ కబురు పంపడం మెషీనుకి చేతకాదు, బెల్టుకీ చేతకాదు. నీకు ఊరికే నీరసం వస్తోందంటే అందుకే. మాత్రలు మానకు, నీళ్ళు డాక్టరుగారు చెప్పినదానికంటే గుక్కెడు కూడా ఎక్కువ తాగకు.

నేను 'మర చేతులు' నిచ్చెన దగ్గరికి వచ్చాను. డాక్టరు ఒక ఊళ్ళో తెర ముందు కూచుని వేళ్ళు కదిలిస్తాడు. ఆ కదలిక తీగల మీద ప్రయాణం చేసి, ఇంకో ఊళ్ళో మర చేతుల్ని కదిలిస్తుంది. అవి వణకవు, అలిసిపోవు. పెద్ద కోత అక్కర్లేదు. సరిగ్గా చెప్పానా లేదా నువ్వే మార్కులు వెయ్యి.

ఈ నెలలో రాలేను. అర్ధసంవత్సరం పరీక్షలు, పేపర్లు దిద్దాలి. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, పొయ్యి దగ్గర నిలబడలేకపోతోంది. మీ మామయ్యకి ఫ్యాక్టరీలో షిఫ్టులు మారాయి. వదినని అడిగినట్టు చెప్పు. మిగతా సంగతులు అన్నయ్యతో నేను మాట్లాడతాను.

మీ అత్తయ్య


నందిగామ,
జనవరి 2003.

అత్తయ్యా,

నీకు పదికి తొమ్మిది. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, మర చేతులకి స్పర్శ తెలుస్తుందో లేదో నువ్వు రాయలేదు. తెలిసేట్టయితే జగ్గయ్యపేటలో కూచుని నందిగామలో నా తల నిమరొచ్చు. పరీక్షలు ఉన్నా సరే.

ఆసుపత్రిలో మా వార్డు నర్సు ఆరోగ్యమ్మ గారు ఇప్పుడు నాతో ఆడుతోంది. ట్యూబులు పెట్టాక ఒక చెయ్యి కదపకూడదుగా, అందుకని నా పందెం కూడా ఆవిడే వేస్తుంది. మొన్న పటమంతా చూసి, 'ఏమ్మా, అన్ని నిచ్చెనలున్నాయి, మనిషి మనిషికి ఇచ్చే నిచ్చెన లేదేంటి? ఈ వార్డులోంచి ఇళ్ళకెళ్ళినోళ్ళందరూ దాని మీంచి వెళ్ళినోళ్ళేగా' అంది. నిజమే కదా. నువ్వు మర్చిపోయావనుకుని నేనే వేసా. కిడ్నీ పాము తోక దగ్గర్నుంచి తొంభై ఆరో గడి దాకా, ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో. చాలా పొడుగొచ్చింది. మిగతావాటికంటే అదే బాగుంది.

నువ్వు చెప్పినట్టే నాకు రక్తం పడిపోయిందట. మొన్న ఒక సీసా ఎక్కించారు, అంతకుముందు కూడా ఎక్కించారు. ఎక్కించినప్పుడు రెండు రోజులు హుషారుగా ఉంటుంది, మళ్ళీ మామూలే. వెళ్ళేటప్పుడు కీసర వంతెన మీద కిటికీ పక్క సీటు దొరికితే బాగుండుననిపిస్తుంది. వచ్చేటప్పుడు నిద్రపోతా, ఏదీ చూడను.

నాన్న అడగొద్దన్నారు గానీ అడిగేస్తున్నా. గంట ప్రయాణం. నువ్వెందుకు రావు?

మహతి


జగ్గయ్యపేట,
జనవరి 2003.

చి. మహతికి,

ఉత్తరం అందింది. నువ్వు వేసిన నిచ్చెన ఆటలో చెల్లదు. ఆట పేరు రేపటి వైద్యం. ఒక మనిషి కిడ్నీ ఇంకో మనిషికి పెట్టడం ఎప్పటినుంచో ఉన్నదే, ఇవాల్టి వైద్యం. అందుకే దాన్ని వెయ్యలేదు, మర్చిపోయి కాదు. నియమాలు మధ్యలో మారిస్తే ఆట పాడవుతుంది.

దాని బదులు ఎనభై రెండో గడిలో ఉన్నదాన్ని చూడు. మన ఒంట్లోంచే ఒక కణం తీసి, నారు పోసినట్టు గాజు గిన్నెలో పెంచుతారు. చర్మం ముక్కలు ఇప్పటికే అలా పెంచుతున్నారు. రేపు కిడ్నీయే పెంచవచ్చు. ఎవరి ఒంటికి వాళ్ళదే కాబట్టి ఒళ్ళు దాన్ని తిప్పికొట్టదు, ఎవరినీ అడగనక్కర్లేదు, ఎవరికీ కోత ఉండదు. శాస్త్రం చాలా వేగంగా పోతోంది మహతీ. నువ్వు ధైర్యంగా ఉండాలి.

ప్రయాణం గంటే. కానీ ఇంట్లో నుంచి కదలడానికి నాకున్న ఇబ్బందులు నీకు అర్థం కావు. పెద్దయ్యాక తెలుస్తాయి.

నా పందేలు ఈసారి వెయ్యలేదు.

అత్తయ్య


నందిగామ,
ఫిబ్రవరి 2003.

అత్తయ్యకి,

పెద్దయ్యాక తెలుస్తాయన్నావు. పెద్దవడానికే కదా ఇదంతా.

శనివారం భార్గవ బావ వచ్చాడు. నువ్వు పంపావనుకున్నాం. కాదట, ఇంటర్ ప్రాక్టికల్స్ అయిపోయాయని ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాడట. అమ్మ ఉప్మా పెడితే తినకుండా కూచుని, అమ్మ పెరట్లోకి వెళ్ళాక నాకు చెప్పేసాడు. నువ్వు బావని తిట్టకు. నేనే గుచ్చి గుచ్చి అడిగా.

మీ అత్తగారు, సీతారావమ్మ మామ్మ, ఒప్పుకోవడం లేదట కదా. నా బారసాల నాడే ఈ పిల్ల మా భార్గవకే అని ఆవిడ అందరి ముందూ అంది, అది మా ఇంట్లో ఎప్పుడూ చెప్పుకునేదే. ఇప్పుడు నీ ఒంట్లో ముక్క నా ఒంట్లో పెడితే నేను నీ కడుపున పుట్టినట్టేనట. బావకి చెల్లెలి వరస అయిపోతానట. 'తోడబుట్టినదాన్ని ఎవరన్నా చేసుకుంటారా, చేతులారా మేనరికం చెడగొట్టుకుంటామా' అని మామ్మ అన్నం మానేసిందట. మామయ్య ఆవిడ మాట కాదనలేక సంతకం పెట్టడం లేదట. మొగుడి సంతకం లేకపోతే డాక్టర్లు నీది తీసుకోరుగా.

నేను రాత్రంతా ఆలోచించా. ఎనభై రెండో గడిలో లాగా నా కణమే నాటి పెంచితే వరసలు మారవు. కానీ అది ఎప్పుడొస్తుందని డాక్టరుగారిని అడిగితే, నవ్వి, నా బుగ్గ గిల్లి వెళ్ళిపోయారు. అంటే ఇప్పట్లో రాదు.

అందుకని మామ్మకి ఈ మాట చెప్పు. నేను బావకి చెల్లెలైపోతా. నాకేం బాధ లేదు. బావ మంచివాడే, కానీ నాకు పెళ్ళి ఎందుకు అత్తయ్యా, నేను ముందు తొమ్మిదో తరగతి చదవాలి. ఇప్పటినుంచే అన్నయ్యా అని పిలుస్తా. మామ్మకి నేనంటే ఇష్టం కదా, మనవరాలిగా మీ ఇంటికి వస్తా. కోడలిగా వచ్చినా, మనవరాలిగా వచ్చినా అదే గుమ్మం.

నాకు బతకాలని ఉంది. ఈ మాట అమ్మతో అనలేను, ఏడుస్తుంది.

మహతి


జగ్గయ్యపేట,
మార్చి 2003.

నా తల్లీ మహతీ,

నీ ఉత్తరం మా అత్తగారికి చదివి వినిపించాను. సగం నేను చదివాను, మిగతాది భార్గవ చదివాడు. అంతా విని ఆవిడ మీ మామయ్యని పిలిచి, 'వరసల సంగతి దేవుడు చూసుకుంటాడు, ముందు దాన్ని దక్కించండిరా' అంది. ఆయన సంతకం పెట్టేశారు. వచ్చే వారం సెలవు పెట్టి బెజవాడ వస్తున్నాను. మళ్ళీ ఒకసారి పరీక్షలు చేసి, కిడ్నీ ఇవ్వడానికి అనుమతిచ్చే ప్రభుత్వ కమిటీ వాళ్ళు ఒప్పుకుంటే వేసవి సెలవుల్లో ఆపరేషను.

మామ్మని చెడ్డదనుకోకు. నువ్వీ ఇంటికి కోడలివై రావాలన్న ఆశ ఆవిడకి ఎంత ముదిరిపోయిందంటే, నువ్వు ఇప్పుడు ఎలా ఉన్నావన్నది కంటికి ఆనలేదు. పిచ్చి ప్రేమ.

నా సంగతి వేరు. నేను జీవశాస్త్రం చెప్పే టీచర్ని. ఆవిడ వాదన తప్పని నాకు మొదటి రోజే తెలుసు. కిడ్నీ ఇస్తే వరస మారదని నల్లబల్ల మీద బొమ్మ వేసి చెప్పగలను. చెప్పలేదు. ఎందుకంటే నాకు భయం మహతీ. కోతంటే భయం, ఒక్క కిడ్నీతో రేపు నాకేమన్నా అయితే అన్న భయం. ఆవిడ వద్దంటే నాకు లోపల్లోపల హాయిగా ఉండేది. ఆవిడ చాటున దాక్కున్నాను. నీ ఎదురుగా కూచుంటే నా మొహం చూసి నువ్వు కనిపెట్టేస్తావని రాలేదు, ఉత్తరాలు పంపాను.

నీ నిచ్చెన చెల్లుతుంది. నేను వెయ్యకుండా వదిలిన గడి అది.

అత్తయ్య


నందిగామ,
ఏప్రిల్ 2003.

మా అత్తయ్యకి,

నువ్వొచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి మా ఇంట్లో గొంతులు మారిపోయాయి. నాన్న కోర్టు నుంచి రాగానే రేడియో పెడుతున్నారు. అమ్మ నీ గురించి 'మా ఆడపడుచు' అంటోంది, మొన్నటిదాకా 'మీ అత్త' అనేది.

ఆ రోజు నువ్వు నా ట్యూబులు లేని చెయ్యి పట్టుకుని కూచున్నావు చూడు, నాకు అసలు టైం తెలియలేదు. ఆరోగ్యమ్మ గారితో ఆటలో నువ్వు ఓడిపోయినందుకు అందరికంటే నాకే ఎక్కువ సంతోషం. నీ చేతి నుంచి రక్తం తీసేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకున్నావు. అంత భయం పెట్టుకుని కూడా వచ్చావు. మర చేతులైతే ఇలా ఉండదు.

వచ్చేటప్పుడు ఈసారి నిద్రపోలేదు. పరిటాలలో కడుతున్న హనుమంతుడి విగ్రహం చూసా, మెడ నొప్పెట్టేదాకా. అమ్మ దణ్ణం పెట్టుకోమంది. నేను పెట్టుకోలేదు, మనకి అయిపోయిందిగా, వేరేవాళ్ళు అడుక్కోనీ అన్నా. అమ్మ చేత్తో నా నోరు మూసింది.

అన్నయ్యా అని ఫోనులో పిలిస్తే భార్గవ అన్నయ్య 'ఎవరు కావాలండీ' అన్నాడు. అలవాటవుతుందిలే.

తొమ్మిదో తరగతి పుస్తకాలకి అట్టలు వేస్తున్నా. రిపోర్టు ఈ వారం వస్తుందట. నువ్వు దొడ్లో పడ్డావని, కాలు బెణికిందని అలాంటి కబుర్లేవీ రాయకు, జాగ్రత్తగా ఉండు. ఇప్పుడు నీ ఒళ్ళు నా ఒళ్ళు కూడా.

మహతి


జగ్గయ్యపేట,
ఏప్రిల్ 2003.

మహతీ,

అన్నయ్య నీకు చెప్పే ఉంటాడు. అయినా మన ఆట ప్రకారం నేను సొంత మాటల్లో చెప్పాలి. చెప్పలేకపోతే ఆడే హక్కు నాకు లేదు.

నీ రక్తం కొంచెం, నా రక్తంలోని కణాలు కొంచెం కలిపి చూస్తారు. ఊరుకుంటే కుదిరినట్టు. సెప్టెంబరులో ఊరుకున్నాయి. ఈసారి నీ రక్తం నా కణాల మీద పడి చంపేసింది. నీకు నీరసం తగ్గాలని ఎక్కించిన సీసాలన్నీ ఎవరెవరివో. ఆ పరాయి కణాల్ని చూసి చూసి నీ ఒళ్ళు కాపలా నేర్చుకుంది. ఆ కాపలాకి నావి కూడా పరాయివే అయ్యాయి. ఇప్పుడు నాది పెడితే బల్ల మీద ఉండగానే చచ్చుబడిపోతుందట. దాన్ని ఆపే మందు మన దగ్గర లేదన్నారు.

ఎవరి తప్పూ కాదని డాక్టరుగారు అన్నారు. రక్తం ఎక్కించకపోతే నువ్వు ఉండేదానివి కాదు.

వేరే ఎవరిదన్నా దొరుకుతుందేమో చూస్తామన్నారు. ఈలోపు కొత్త మందులు రావచ్చు. అటువంటి కాపలాని కడిగేసే యంత్రం గురించి ఒక పత్రికలో చదివాను. దాన్ని కొత్త గడిగా గీసి పంపుతాను.

అత్తయ్య


నందిగామ,
మే 2003.

అత్తయ్యా,

సొంత మాటల్లోనే చెప్పావు, నాకు అర్థమైంది. కానీ ఒక మాట వదిలేసావు. సెప్టెంబరులో కుదిరిందని రాసావు. అప్పుడే పెట్టి ఉంటే ఆ సీసాలు ఎక్కించే పనే ఉండేది కాదని రాయలేదు. డాక్టరుగారు నాన్నతో అంటుంటే నేను అక్కడే ఉన్నా.

మొదటి రోజు నీ మీద చాలా కోపం వచ్చింది. నీ పటం చింపేద్దామనుకున్నా, ఆరోగ్యమ్మ గారు లాక్కుని దాచేసింది. మామ్మ మీద కూడా కోపం వచ్చింది, భార్గవ మీద కూడా, ఆ రోజు ఉప్మా తినకుండా చెప్పిన మాట అంతకాలం దాచినందుకు. రెండో రోజు ఎవరి మీదా రాలేదు. అట్టలు వేసిన పుస్తకాలు అమ్మ అటక మీద పెట్టేస్తుంటే వద్దన్నా. కింద ఉండనీ, చదువుకుంటా. బడికి వెళ్ళకపోయినా చదవొచ్చుగా.

వారానికి రెండుసార్లు వెళ్తున్నదాన్ని ఇప్పుడు మూడుసార్లు వెళ్తున్నా. చేతి నరం వాచింది, వేరేచోట పెడుతున్నారు. ఎంతకాలం అని నేను అడగను, ఎవరూ చెప్పరు. నాన్న మళ్ళీ రేడియో పెట్టడం మానేసారు.

కొత్త గడి గీసి పంపకు అత్తయ్యా. ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో నేను చెప్పగలను, చెప్పినా ఎక్కలేను. ఇంక ఆట వద్దు.

బెజవాడలో రిపోర్టు తీసుకున్న రోజున నువ్వూ మామయ్యా వెళ్ళిన బస్సు నందిగామలో ఆగిందట, నువ్వు దిగలేదట. నాన్న బస్టాండులో నిలబడి బస్సు కిటికీలో నిన్ను చూసారు. నువ్వు కొంగు మొహం మీదికి లాక్కున్నావని చెప్పారు. అమ్మ నీతో మాట్లాడుతుందో లేదో తెలియదు, కానీ నువ్వొస్తే అన్నం పెడుతుంది. అన్నం పెట్టకుండా ఉండలేదు, నీకు తెలుసుగా.

ఇన్నాళ్ళూ నా దగ్గరికి రావాలంటే నీకు భయం, ఇవ్వాల్సి వస్తుందని. ఇప్పుడు నువ్వు నాకు ఇవ్వాల్సిందేం లేదు. ఇవ్వడానికి కుదరదు కూడా. ఇంక భయం ఎందుకు అత్తయ్యా, రా.

మహతి